పడటం నేర్చుకోండి: చాప దగ్గర నుంచి పల్టీ దాకా జూడో ఉకెమి

తడి బాత్‌రూమ్‌లో కాలు జారినప్పుడు మన చెయ్యి మనం చెప్పకుండానే వెనక్కి పోతుంది. మోచేయి బిగుసుకుని ఒంటి బరువంతా ఒక్క మణికట్టు మీద పడుతుంది. ఇలా చాచిన చేతి మీద పడినప్పుడు మణికట్టుకు కాస్త పైన ఎముక విరిగే తీరును ఐర్లండ్ సర్జన్ అబ్రహాం కోలిస్ 1814లో వివరించాడు. డాక్టర్లు ఇప్పటికీ దాన్ని కోలిస్ ఫ్రాక్చర్ అనే అంటారు. నా కుడి మణికట్టు అలాగే విరిగింది, అదీ జూడో క్లాసులోనే. చేరిన మొదటి వారంలో, పడటం నేర్పకుండానే నన్ను విసిరారు. ఆరు వారాలు పిండికట్టుతో గడిపాను. కట్టు విప్పాక వేరే చోట చేరితే అక్కడి గురువుగారు మూడు వారాల పాటు నన్ను నిలబడనివ్వలేదు. పడుకోబెట్టి, కూర్చోబెట్టి, గొంతుకూర్చోబెట్టి నేర్పారు. ఇప్పుడు పిల్లలకూ పెద్దలకూ నేను నేర్పేది ఆ వరుసలోనే. కింద రాసింది కూడా ఆ వరుసే.

జూడోలో ఈ విద్యను ఉకెమి అంటారు. పడటాన్ని ఒంటితో అందుకోవడం అని దాని భావం. కానో జిగోరో 1882లో, ఇరవై రెండేళ్లు కూడా నిండకముందే, టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో 12 టటామి చాపలు పట్టే గదిలో జూడో మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన తెన్‌జిన్ షిన్యో, కితో అనే రెండు జుజుత్సు (జపాన్ పాత మల్లవిద్య) సంప్రదాయాల్లో శిక్షణ పొందాడు. విసురుళ్లను నిజమైన బలంతో సాధన చేయాలంటే విసిరించుకున్నవాడు లేచి మళ్లీ ఎదుటికి రాగలగాలి. అందుకే జూడోలో మొదట నేర్పే పాఠం ఇది.

అసలు ఏం జరుగుతుంది

మీటరున్నర ఎత్తు నుంచి జారవిడిచిన వస్తువు నేలను తాకేసరికి గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. నిలబడ్డ మనిషి తల దాదాపు ఆ ఎత్తులోనే ఉంటుంది. ఆ వేగం ఎక్కడో ఒకచోట ఆగక తప్పదు. 2 సెంటీమీటర్ల దూరంలో ఆగితే తగిలే దెబ్బతో పోలిస్తే, 20 సెంటీమీటర్ల దూరంలో ఆగితే సగటున పదో వంతే తగులుతుంది. ఉకెమిలో చేసే పనంతా ఇదే. మోకాళ్లు వంచి ముందు ఎత్తు తగ్గించుకుంటాం. ఒళ్లు గుండ్రంగా చేసి దొర్లుతూ ఆగడానికి పట్టే సమయం పెంచుకుంటాం. మిగిలిన దెబ్బను ఒక్క ఎముక మీద పడనివ్వకుండా వీపు, చెయ్యి, తొడ అంతటికీ పంచుతాం.

వీటన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది తల. చేతులు ఎంత అందంగా కొట్టినా తల నేలకు తగిలితే ఆ ఉకెమి తప్పే. నేను శిష్యుల చేతులు చూడకముందే వాళ్ల గడ్డం ఎక్కడుందో చూస్తాను.

చోటు, బట్టలు, ఎవరు చేయకూడదు

జూడో హాలు అందుబాటులో ఉంటే అక్కడే నేర్చుకోండి. ఇంట్లో మొదటి మెట్లు చేసుకోవాలంటే మంచం ఒకవైపు జరిపి, కనీసం మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ చేసుకోండి. బల్ల మూలలు, గడపలు, గ్యాస్ సిలిండర్లు దగ్గర్లో ఉండకూడదు. ఒకదానికొకటి బిగించుకునే ఫోమ్ మ్యాట్లు మంచివే, కానీ టైల్స్ మీద అవి జారతాయి. అంచులకు గోడ ఆనేలా పరిస్తే కదలవు. లేకపోతే రెండు మూడు బొంతలు మడిచి పైన దుప్పటి గట్టిగా చెక్కండి. మెత్తటి మంచం పరుపు మాత్రం వద్దు. భుజం అందులో కూరుకుపోతే తల అక్కడే ఆగిపోయి మెడ మెలిపడుతుంది. మన తాలింఖానాల్లో కుస్తీ మట్టిని రోజూ పారతో తిరగేసి గుల్ల చేస్తారు. అంతకంటే మెత్తన అక్కర్లేదు.

ఉంగరాలు, వాచీ, గాజులు, గొలుసులు, తలలో క్లిప్పులు తీసేయండి. జేబులో ఫోన్ పెట్టుకోవద్దు. పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే మోచేతులు ఒరుసుకుపోవు. కడుపు నిండా తిన్న వెంటనే చేయకండి, రెండు గంటలు ఆగండి.

మెడ నొప్పి, డిస్క్ సమస్య, ఎముకల గుల్లతనం, ఇంతకుముందు జారిన భుజం ఉన్నవాళ్లు, కళ్లు తిరిగే జబ్బు ఉన్నవాళ్లు, రక్తం పల్చబడే మందులు వాడుతున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకండి. గర్భిణులు చేయకూడదు.

మొదటి మెట్టు: వెల్లకిలా పడుకుని మెడ

వెల్లకిలా పడుకోండి. మోకాళ్లు వంచి అరికాళ్లు నేలకు ఆనించండి. నడుముకు బెల్ట్ కట్టుకుని ఉంటే దాని ముడిని, లేకపోతే మీ బొడ్డు ఉన్న చోటును చూడండి. చూడాలంటే తల లేపక తప్పదు, గడ్డం తనంతట తనే ఛాతీ దగ్గరకు వస్తుంది. అలా మూడు లెక్కపెట్టేదాకా ఉంచి దించండి. పదిసార్లు. ఇంత చిన్న పని కోసం ఇంత చెప్పాలా అనిపిస్తుంది. కానీ కొత్తవాళ్లలో చాలామందికి ఏడోసారికే మెడ ముందు కండరాలు వణుకుతాయి. అంటే వెనక్కి పడేటప్పుడు తలను ఆపే బలం వాళ్ల మెడలో ఇంకా లేదు. నాలుగు రోజుల పాటు ఇదే చేసినా నష్టం లేదు.

ఇప్పుడు తల లేపి ఉంచే చేతులు కలపండి. రెండు చేతులూ ఛాతీ ముందుకు తెచ్చి, అక్కడి నుంచి రెండు పక్కలకూ నేలను కొట్టండి. చెయ్యి ఒంటికి 30 నుంచి 45 డిగ్రీల వాలులో ఉండాలి. అరచేయి కిందికి, వేళ్లు కలిపి. అరచేయీ ముంజేయీ ఒకేసారి తగలాలి. చేతులు భుజాల ఎత్తుకు చాచి కొడితే భుజం కీలు అదురుతుంది. మరీ ఒంటికి అంటించి కొడితే తర్వాత్తర్వాత మోచేయి ఒంటి కింద ఇరుక్కుంటుంది. కొట్టిన చెయ్యి అక్కడే అతుక్కుపోకుండా వేడి పెనాన్ని తాకినట్టు వెంటనే వెనక్కి రావాలి.

కొట్టే క్షణంలో నోటితో గాలి వదలండి. ఊపిరి బిగపట్టి వీపు మీద పడితే ఛాతీ పట్టేసి కాసేపు గాలి అందదు. చిన్నపిల్లలకు "హా" అని గట్టిగా అనమని చెబుతాను, గాలి దానంతట అదే పోతుంది.

ఇక్కడ చెవులు కూడా పనిచేయాలి. అరచేయీ ముంజేయీ కలిసి పడితే ఒక్కటే చప్పుడు, గుండ్రంగా వినిపిస్తుంది. రెండు చప్పుళ్లు వినిపిస్తే మోచేయి ముందు తగిలిందన్నమాట.

వెనక్కి పడటం: ఉషిరో ఉకెమి

కాళ్లు చాపి కూర్చోండి. చేతులు ముందుకు చాచండి. గడ్డం దించి బెల్ట్ ముడి చూడండి. వీపును విల్లులా వంచి, నడుము కింది భాగం, నడుము, వీపు, భుజాల రెక్కలు ఒకదాని తర్వాత ఒకటి నేలకు తగిలేలా వెనక్కి దొర్లండి. రెక్కలు తగిలే క్షణంలో, వీలైతే వెంట్రుకవాసి ముందే, రెండు చేతులూ నేలను కొట్టాలి. కాళ్లు కాస్త పైకి లేస్తాయి, లేవనివ్వండి. తల దాటి వెనక్కి మాత్రం పోకూడదు, అప్పుడు బరువు మెడ మీదికి వస్తుంది.

వీపు గుండ్రంగా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. చేతులు కొట్టకుండా, మోకాళ్లు కౌగిలించుకుని ఉయ్యాల ఊగినట్టు వెనక్కీ ముందుకూ ఊగండి. ఎక్కడైనా దబ్‌మని తగిలితే ఆ చోట వీపు పలకలా ఉందని అర్థం. ఎక్కువమందికి అది నడుము దగ్గరే. రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లకు నడుము వంగడానికి రెండు వారాలు పడుతుంది. తొందరపడకండి.

కూర్చుని ఇరవైసార్లు మెత్తగా చేయగలిగితే గొంతుకూర్చుని మొదలుపెట్టండి. పిరుదులను మడమలకు వీలైనంత దగ్గరగా దించి, అక్కడి నుంచి దొర్లండి. చాలామంది ఇక్కడ వెనక్కి దూకుతారు. దూకితే పిరుదులు దబ్బున పడి, ఆ అదురు వెన్నుపూస వెంట తల దాకా పోతుంది. నిలబడి చేసేటప్పుడూ ఇదే దారి: ఒక కాలు కాస్త ముందుకు చాపి, రెండో మోకాలు పూర్తిగా వంచి, గొంతుకూర్చునే స్థితి గుండా పోతూ దొర్లడం. నిలబడ్డవాడు చెట్టు కూలినట్టు కూలడు, మడతపడతాడు.

చేతులు వెనక్కి పోతున్నాయా? ఒక చిన్న టవల్‌ను ఛాతీ ముందు రెండు చేతులతో పట్టుకుని కొన్నిసార్లు వెనక్కి దొర్లండి. చేతులకు పని ఉంటే వెనక్కి పోవు. ఆ అలవాటు విరిగాక టవల్ తీసేసి కొట్టడం కలపండి. నా మణికట్టు విరిగిన తర్వాత నన్ను మార్చింది ఈ టవలే.

పక్కకి: యోకో ఉకెమి

జూడోలో విసిరితే ఎక్కువగా ఈ తీరులోనే నేలకు చేరతాం, కాబట్టి దీనికి సమయం ఇవ్వండి.

ముందు వెల్లకిలా పడుకుని కుడివైపు ఒత్తిగిలండి, కానీ పూర్తిగా కాదు. కుడి భుజం మొన మీద కాకుండా కుడి రెక్క వెనక భాగం మీద బరువు ఉండాలి. కుడిచెయ్యి 30 నుంచి 45 డిగ్రీల వాలులో నేల మీద. ఎడమచెయ్యి బెల్ట్ మీద. కుడికాలు బయటి పక్క నేలకు ఆని ఉంటుంది. ఎడమ మోకాలు వంచి అరికాలు నేల మీద పెట్టండి. కాళ్లు ఒకదాని మీద ఒకటి వేయకండి, విసిరినప్పుడు మోకాలికి మోకాలు, చీలమండకు చీలమండ కొట్టుకుంటాయి. తల లేచే ఉండాలి, చూపు బెల్ట్ ముడి మీద. ఈ ఆకారాన్ని ఒళ్లు గుర్తుపెట్టుకునేదాకా అటోసారి, ఇటోసారి మారుస్తూ కొట్టండి.

తర్వాత గొంతుకూర్చుని, కుడికాలిని ఎడమ ముందువైపుకు నేల మీద జార్చండి. ఎడమ మోకాలు వంగుతూనే ఉంటుంది, పిరుదు ఎడమ మడమ పక్కనే దిగుతుంది. అక్కడి నుంచి కుడివైపు వెనక్కి దొర్లి చెయ్యి కొట్టండి. అదే పనిని చివరికి నిలబడి చేస్తారు. రెండో వైపు కూడా అన్నేసార్లు చేయాలి. కుడివైపు మాత్రమే పడటం వచ్చినవాళ్లను ఎడమకు విసిరితే ఏం వస్తుందో చాపే చెబుతుంది.

ముందుకి: మాయె ఉకెమి

ఇది చిన్న పాఠం. మోకాళ్ల మీద నిలబడండి. రెండు చేతులనూ ముఖం ముందు త్రికోణంలా పెట్టండి, అరచేతులు బయటికి. నేరుగా ముందుకు పడుతూ అరచేతుల నుంచి మోచేతుల దాకా ముంజేతులు ఒకేసారి నేలకు ఆనించండి. ముఖం పక్కకు తిప్పండి, లేకపోతే ముక్కు బలి. పొట్ట నేలకు తగలకుండా ఒళ్లు పలకలా బిగించాలి. మోచేతులు ముందుగా గుచ్చుకుంటే భుజాల్లోకి కొడుతుంది. నిలబడి చేసే రకం కొత్తవాళ్లకు వద్దు. దానికి భుజాల్లో, పొట్టలో మంచి బలం కావాలి. జూడోలో ఇది అరుదుగానే పనికొస్తుంది. వేగంతో ముందుకు తూలినప్పుడు చేయాల్సింది పల్టీ.

ముందుకు దొర్లడం: మాయె మవారి ఉకెమి

చిన్నప్పుడు వేసిన పిల్లిమొగ్గను మరిచిపోండి. పిల్లిమొగ్గలో తల మధ్యకు వచ్చి వెన్నెముక నిలువునా నేలకు తగులుతుంది. ఇక్కడ తల నేలను అసలు తాకదు, వెన్నెముక నిలువునా తగలదు. ఒంటి మీద ఒక ఏటవాలు గీత ఊహించుకోండి: కుడిచేతి చిటికెనవేలి అంచు దగ్గర మొదలై, ముంజేయి బయటి పక్క, మోచేయి, కుడి భుజం వెనక, వీపు మీదుగా అడ్డంగా ఎడమ తుంటి దాకా. నేల ఆ గీత వెంటే తగలాలి.

చేతులూ మోకాళ్లూ నేలకు ఆనించి నాలుగు కాళ్ల మీద ఉన్నట్టు మొదలుపెట్టండి. కుడిచేతిని ఎడమచేతికీ ఎడమ మోకాలికీ మధ్య సందులోంచి ఎడమవైపు జార్చండి, అరచేయి పైకి. కుడి భుజం వెనక భాగం నేలకు ఆనుతుంది. గడ్డం ఎడమ భుజం వైపు తిప్పి ఛాతీకి దించండి, చూపు ఎడమ చంకలోకి. ఇప్పుడు కాలి వేళ్లతో మెల్లగా నెట్టండి. తల మీంచి కాకుండా భుజం మీంచి ఒళ్లు పక్కగా తిరిగి, ఎడమవైపు ఒత్తిగిలి ఆగుతారు. ఇక్కడ ఎత్తు లేదు, వేగం లేదు. భయం పోయేదాకా ఇదే చేయండి. పెద్దవయసులో మొదలుపెట్టినవాళ్లకు ఈ మెట్టు మీద ఒక నెల గడిచినా ఫరవాలేదు. భయపడ్డ మనిషి సగంలో ఒళ్లు చాపేస్తాడు, దెబ్బలన్నీ అక్కడే తగులుతాయి.

రెండో దశలో ఎడమ మోకాలు నేల మీద, కుడి అరికాలు ముందు. ఎడమ అరచేతిని ముందు నేల మీద పెట్టండి. కుడిచేతిని ఎడమచేతికీ కుడికాలికీ మధ్య పెట్టండి, వేళ్లు మీ వైపే తిరిగి, మోచేయి ముందుకు చూస్తూ. కుడిచెయ్యి బండి చక్రం అంచులా వంగి, అలాగే బిగువుగా ఉండాలి. బిగువు అంటే కర్రలా చాచడం కాదు, గాలి నింపిన ట్యూబులా. ఎవరైనా మీ మోచేతిని నొక్కితే కొంచెం వంగి తిరిగి రావాలి, కుప్పకూలకూడదు. తల ఎడమకు, గడ్డం లోపలికి. వెనక కాలు లేపి నడుమును భుజం మీంచి పంపండి. చివర ఎడమచెయ్యి నేలను కొడుతుంది. మీరు యోకో ఉకెమిలో నేర్చుకున్న ఆకారంలోనే, ఎడమవైపు, ఆగుతారు. అందుకే దాన్ని ముందు నేర్చుకోమన్నాను.

మూడో దశ నిలబడి, కుడికాలు ముందుంచి. నాలుగో దశలో రెండడుగులు నడిచి వచ్చి. ప్రతి దశలోనూ ముందు చెయ్యి ఎంత కిందికి వీలైతే అంత కిందికి దించి దొర్లండి. పైనుంచి దూకే పల్టీ చూడటానికి బాగుంటుంది కానీ మొదటి ఏడాదిలో దాని అవసరం ఎవరికీ లేదు.

తప్పు ఎక్కడుందో నొప్పే చెబుతుంది. భుజం మొన మీద నొప్పిగా ఉంటే కుడిచెయ్యి కూలిపోయింది, చక్రం విరిగింది. కాలర్ ఎముకలు ఎక్కువగా విరిగేది ఇలాగే, కాబట్టి ఆ నొప్పి రెండోసారి రాగానే ఆపి ఒక దశ కిందికి దిగండి. వీపు మధ్యలో పూసల మీద ఎర్రగా అయితే ఏటవాలుగా కాకుండా నిటారుగా దొర్లారు, చూపు ఇంకా ఎడమకు తిప్పాలి. ఎడమ తుంటి ఎముక దబ్బున తగులుతుంటే మధ్యలో ఒళ్లు తెరుచుకుంది, మోకాళ్లు ఛాతీకి దగ్గరగా ఉంచండి. మడమ నేలకు కొట్టుకుంటే కాలు కర్రలా చాచి దించుతున్నారు. ఒక చెవి నేలను తాకుతుంటే ఆ రోజుకు పల్టీలు ఆపేసి మళ్లీ మెడ పాఠానికి వెళ్లండి. ఫోన్‌తో పక్క నుంచి వీడియో తీసుకుని చూసుకోండి, మీకు తెలియని తప్పులు అందులో కనిపిస్తాయి.

గట్టి నేల మీద

చాప మీద చెయ్యి కొట్టడం మంచిది. కాంక్రీటు మీద అదే చేస్తే అరచేతి ఎముకలు దెబ్బతింటాయి. అందుకే పారిస్ దగ్గరి లీస్ పట్టణంలో డేవిడ్ బెల్, ఆయన మిత్రులు పెంచిన పార్కూర్‌లో (గోడలు, మెట్లు లాంటి అడ్డంకులను పరుగెత్తుతూ, దూకుతూ దాటే విద్యలో) పల్టీ ఇదే ఏటవాలు గీత మీద సాగినా, చివర్లో చెయ్యి కొట్టరు. వేగాన్ని ముందుకే పోనిచ్చి పాదాల మీదికి లేస్తారు. ఉయెషిబా మోరిహెయి స్థాపించిన ఐకిడో అనే జపాన్ యుద్ధకళలో కూడా పల్టీ తర్వాత ఎక్కువగా నిలబడతారు. మీరు రోడ్డు మీదో మెట్ల దగ్గరో పడేటప్పుడు పనికొచ్చేది ఈ రకం. కాబట్టి చాప మీద కొట్టి ఆగే పల్టీ కుదిరాక, వెనక మోకాలు మడిచి దాని మీదుగా నిలబడే పల్టీ కూడా నేర్చుకోండి. కబడ్డీ ఆడేవాళ్లకు, వానాకాలం సైకిల్ మీద తిరిగేవాళ్లకు ఇది చాలా మేలు చేస్తుంది. దాన్ని పచ్చికలో అభ్యాసం చేయండి, సిమెంటు మీద చేయకండి.

ఎదుటివాళ్లు విసిరే ముందు

ఈ భాగం గురించి నాకు పట్టుదల ఎక్కువ. జపాన్‌లో 1983 తర్వాతి మూడు దశాబ్దాల్లో బడి జూడోలో వందమందికి పైగా పిల్లలు చనిపోయారు. ఎక్కువ మరణాలకు కారణం తలకు తగిలిన దెబ్బలు. 2012లో అక్కడి మిడిల్ స్కూళ్లలో యుద్ధకళలు తప్పనిసరి పాఠం అయినప్పుడు దీని మీద పెద్ద చర్చ నడిచింది. తీవ్రమైన తల గాయాల్లో ఒసోతో గారి అనే విసురు పేరు పదేపదే వినిపిస్తుంది. అందులో ఎదుటివాడి కాలిని వెనక నుంచి కోసినట్టు లాగి నేరుగా వెల్లకిలా పడేస్తారు. దెబ్బతిన్నవాళ్లలో కొత్తగా చేరినవాళ్లే ఎక్కువ. తల నేలకు తగలకపోయినా, ఒక్కసారిగా విదిలితే మెదడు పైనుండే చిన్న సిరలు తెగి రక్తం గూడుకట్టవచ్చు.

కాబట్టి మీ వెనక్కి, పక్కకి ఉకెమిలు నిలబడి కనీసం ముప్పైసార్లు తల తగలకుండా చేయగలిగేదాకా ఎవరినీ విసరనివ్వకండి. "ఇంకా సిద్ధంగా లేను" అని గురువుతో చెప్పడం మర్యాద తప్పినట్టు కాదు. మొదటి విసురు మోకాళ్ల మీద ఉన్నవాళ్ల నుంచో, నడుము మీంచి మెల్లగా దించే రకంలోనో ఉండాలి. విసిరేవాళ్లు చివరిదాకా మీ చొక్కా చెయ్యి పట్టుకుని పైకి లాగి ఉంచాలి. ఆ ఒక్క లాగుడు వల్లే మీ తలా భుజమూ చాపకు దూరంగా ఉంటాయి. విసిరేవాళ్లు మీ మీద పడితే అది విసురు కాదు.

తలకు దెబ్బ తగిలి తలనొప్పి, వాంతి, మత్తు, మాట తడబాటు, ఒక కంటిపాప పెద్దదవడం కనిపిస్తే ఇంటికి పంపకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమీ లేనట్టు అనిపించినా ఆ రోజు మళ్లీ చాప ఎక్కకూడదు, డాక్టర్ సరే అనేదాకా సాధన వద్దు. మొదటి దెబ్బ మానకముందే తగిలే రెండోది చాలా ప్రమాదం.

ఎన్ని రోజులు, ఎంత

వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు చాలు. మొదటి రెండు వారాలు పడుకుని, కూర్చుని. మూడు, నాలుగు వారాల్లో గొంతుకూర్చుని, దాంతోపాటు నాలుగు కాళ్ల పల్టీ. ఐదో వారం నుంచి నిలబడి, అదీ ముందు మెట్లు మెత్తగా వస్తేనే. ఒక్కో రకం పది పన్నెండుసార్లు. ముందు అలసిపోయేది మెడ. గడ్డం జారడం మొదలవగానే ఆపేయండి, లెక్క పూర్తి చేయాలన్న పట్టుదల ఇక్కడ పనికిరాదు. ప్రతిరోజూ మొదటి మెట్టుతోనే ప్రారంభించండి. నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

ఇంట్లో పెద్దవాళ్లకు

అమ్మానాన్నలకు కూడా నేర్పాలని చాలామంది అడుగుతారు. నెదర్లండ్స్‌లోని నైమేగన్ పరిశోధకులు పక్కకు పడేటప్పుడు తుంటి మీద తగిలే బలాన్ని కొలిచారు. జూడోలాంటి దొర్లే పద్ధతిలో అది నాలుగో వంతుకు పైగా తగ్గింది. చెయ్యి కొట్టినా, కొట్టకపోయినా తేడా పెద్దగా లేదు, మేలంతా దొర్లడంలోనే ఉంది. ఆ నగరంలో పెద్దవాళ్ల కోసం నడిపే శిక్షణలో యుద్ధకళల పడే పద్ధతులను చేర్చారు. అయితే అది దగ్గరుండి చూసుకునే నిపుణులతో, మందమైన చాపల మీద చేసేది. మీ ఇంట్లో డెబ్బై ఏళ్ల మనిషిని నిలబెట్టి పడమని చెప్పకండి.

వాళ్లకు మీరు నేర్పగలిగేది నేల మీద కూర్చోవడం, లేవడం. ఈమధ్య డైనింగ్ టేబుల్, సోఫా, కమోడ్ వచ్చాక చాలామంది పెద్దవాళ్లు ఏళ్లుగా నేల మీద కూర్చోవడం లేదు. పడితే దెబ్బ తగలకపోయినా లేవలేక గంటలు అలాగే ఉండిపోతారు. ఒక బరువైన కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. కుర్చీ పట్టుకుని ఒక మోకాలు, తర్వాత రెండోది దించి, పక్కకు చెయ్యి ఆనించి కూర్చోమనండి. కాసేపు కబుర్లు చెప్పండి. లేవడానికి ముందు పక్కకు ఒత్తిగిలి, చేతులూ మోకాళ్ల మీదికి రావాలి. కుర్చీ దాకా పాకి రెండు చేతులూ దాని మీద పెట్టాలి. బలం ఉన్న కాలి అరికాలు ముందుకు వేసి, నెట్టి, తిరిగి కుర్చీలోనే కూర్చోవాలి. ఊపిరి తీసుకుని అప్పుడు నిలబడాలి. మోకాళ్ల కింద దిండు వేయండి. మీరు పక్కనే ఉండండి, కానీ చంకల కింద చేతులు పెట్టి లాగకండి, వాళ్ల ఒంటికి దారి గుర్తుండేది వాళ్లంతట వాళ్లు లేస్తేనే. మా అమ్మ సాయంత్రం దీపం పెట్టాక రోజూ రెండుసార్లు ఇలా కూర్చుని లేస్తుంది. మొదటి వారం కుర్చీ రెండు చేతులతో పట్టుకునేది, ఇప్పుడు ఒక్క చెయ్యి ఆనిస్తే చాలు.